ఎర్రరాతి సీమలో ఒక రోజు

ఒకే దృశ్యం ఎదుట నిలిచినప్పటికీ అందరూ ఒకే వస్తువును చూడరు. చదువరికి అక్కడ చరిత్ర కనిపిస్తుంది. భక్తిపరుడు దైవభయంతో తల వంచుతాడు. పసివాడు ఆడుకోవడానికి చోటు వెతుక్కుంటాడు. మూడు తరాలవారు కలసి ప్రయాణం చేసినప్పుడు ఈ భేదం మరింత స్పష్టమవుతుంది. అరేబియా దేశపు వాయవ్య భాగంలో అల్‌ఉలా అనే ఎర్రరాతి సీమ ఉన్నది. అక్కడ మా కుటుంబం గడిపిన ఒక్క రోజును గురించి సహాధ్యాయులతో నాలుగు మాటలు పంచుకోవాలన్నది నా కోరిక.

మా అబ్బాజాన్ మదీనా నగరంలో ఎలక్ట్రీషియన్‌గా పని చేస్తున్నారు. 2024 జనవరిలో దాదీ, అమ్మీ, నేను, పదేళ్ళ తమ్ముడు ఉమ్రా నిమిత్తం అక్కడికి వెళ్ళాము. దాదీకి డెబ్బది రెండేళ్ళు. మాది బేతంచెర్ల. మా దాదా తన జీవితమంతా అక్కడి నాపరాతి గనులలో బండలు తీసిన మనిషి. తాను తీసిన రాళ్ళతోనే నాలుగు గదుల ఇల్లు కట్టి, మెహర్ కింద దానిని దాదీ పేరనే వ్రాయించాడు. ఆయన మరణించిన పిమ్మట దాదీ కర్నూలులో మా చాచా వద్ద ఉంటున్నది. ఇంటికి తాళం పడినది. ఆ ఇంటిని అమ్మివేద్దామని అబ్బాజాన్, చాచా ఇద్దరూ రెండేళ్ళుగా అడుగుతున్నారు. దాదీ ఔననలేదు, కాదనలేదు. ఆ మాట వచ్చినప్పుడల్లా తస్బీహ్ చేతిలోకి తీసుకునేది.

ఒక సెలవుదినాన ఫజ్ర్ నమాజు ముగించి కారులో బయలుదేరాము. మదీనా నుండి అల్‌ఉలాకు ఉత్తర దిశగా మూడువందల కిలోమీటర్లకు పైబడిన దూరం. దారిలో చాలా మేర నల్లని రాళ్ళు పరచుకొని ఉన్నవి. అది ఒకప్పుడు అగ్నిపర్వతాల నుండి పారి గడ్డకట్టిన లావా అని అబ్బాజాన్ చెప్పారు. అల్‌ఉలా సమీపించగానే నలుపు వెనుకబడి ఎరుపు మొదలైనది. సుమారు యాభై కోట్ల సంవత్సరాల నాడు పొరలు పొరలుగా పేరుకున్న ఇసుక, రాయిగా మారి నిలిచిన కొండలవి. ఆ రాతిలోని ఇనుము తుప్పే వాటికి ఎర్రదనాన్ని ఇచ్చినది. గాలి, వాన, ఇసుక రేణువులు కలసి యుగయుగాలుగా వాటిని తొలిచి వింత వింత రూపాలలో మలచినవి. యాభై మీటర్లకు పైగా ఎత్తున్న ఒక శిల తొండం నేలకు ఆనించిన ఏనుగు వలెనే ఉన్నది. తమ్ముడు దాని నీడలో ఇసుకలో దొర్లుతుంటే, దాదీ మాత్రం తల ఎత్తి రాతి పొరలనే చూస్తూ, "ఇది మెత్తటి రాయి బేటా! మన నాపరాయి వంటిది కాదు. ఉలి పెడితే వెన్నలా దిగుతుంది" అన్నది.

మధ్యాహ్నం హెగ్రా చూడవలసి ఉన్నది. మదాయిన్ సాలిహ్ అనీ, అల్‌హిజ్ర్ అనీ దీనినే పిలుస్తారు. 2008లో యునెస్కో వారి ప్రపంచ వారసత్వ జాబితాలో సౌదీ అరేబియా నుండి మొట్టమొదట చేరిన స్థలం ఇదే. ప్రవేశపు టిక్కెట్లు అబ్బాజాన్ ముందే కొని ఉంచారు. బస్సు ఎక్కినాక దాదీ నెమ్మదిగా, "నేను దిగను. మీరు చూసి రండి" అన్నది.

ఆమె సంకోచానికి కారణం మాకు తెలియనిది కాదు. హజ్రత్ సాలిహ్ అలైహిస్సలాం మాటను ధిక్కరించి, దైవాగ్రహానికి గురియై నశించిన సమూద్ జాతివారి నివాసం ఇదేనని ముస్లిముల విశ్వాసం. ఖుర్ఆన్‌లోని 15వ అధ్యాయానికి అల్‌హిజ్ర్ అన్న పేరే ఉన్నది. తబూక్ దండయాత్ర సందర్భంలో ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఈ దారిన వెళుతూ, కంటతడితో తప్ప ఆ నివాసాలలో ప్రవేశించవద్దని సహచరులకు చెప్పి, అడుగు వేగం పెంచి దాటిపోయినట్లు హదీసు గ్రంథాలు తెలుపుతున్నవి. 1326లో ఈ దారిన వెళ్ళిన ఇబ్న్ బతూతా కూడా, యాత్రికులు ఎంత దాహంతో ఉన్నా ఇక్కడి నీరు ముట్టరని వ్రాశాడు.

"అమ్మా! ఇప్పుడు కనిపించేవి సమూద్ ఇళ్ళు కావు. ఎంతో తరువాత వచ్చిన నబాతీయులనే వర్తకుల సమాధులని పండితులు చెబుతున్నారు" అని అబ్బాజాన్ నచ్చజెప్పబోయారు.

"పండితులు చెప్పినది నిజమే కావచ్చు నాయనా. సమాధులైతే మాత్రం, తమాషాకు వెళ్ళే చోటా అది?" అన్నది దాదీ. అబ్బాజాన్ మారు పలకలేదు. అమ్మీ తన టిక్కెట్టును సంచిలో పెట్టుకొని అత్తగారి ప్రక్కనే కూర్చున్నది. మేము ముగ్గురమే దిగాము.

అక్కడ 111 పెద్ద సమాధులు ఉన్నవి. వాటిలో 94 ముఖభాగాలపై శిల్పపు పని ఉన్నది. క్రీస్తుకు కొంచెం ముందు, కొంచెం తరువాతి కాలాలకు చెందినవి. సుగంధ ద్రవ్యాలను ఒంటెలపై తరలించి ధనవంతులైన నబాతీయులు ఈ కొండలనే తొలిపించుకున్నారు. అన్నింటికంటె నన్ను ఆకర్షించినది కస్ర్ అల్‌ఫరీద్. మైదానం నడుమ ఒంటరిగా నిలిచిన ఒకే ఒక శిల అది. పై భాగం నున్నగా, సుందరంగా ఉన్నది. క్రింది భాగం మొరటుగా మిగిలిపోయినది. మన ఎల్లోరా కైలాసాలయం వలెనే దీనిని కూడా పైనుండి క్రిందికి చెక్కుతూ వచ్చి, ఏ కారణం చేతనో మధ్యలో ఆపివేశారు.

ముప్పైకి పైగా సమాధుల ద్వారాలపై శాసనాలు ఉన్నవి. ఈ సమాధి ఫలానావారిది, వారి సంతానానిది. దీనిని అమ్మరాదు, కొనరాదు, తాకట్టు పెట్టరాదు, అద్దెకు ఇవ్వరాదు. మీరినవారు జరిమానా చెల్లించవలెను, దేవతల శాపానికి గురి కావలెను అని వాటి సారాంశం. కొన్నింటిని స్త్రీలే తమ పేర చేయించుకున్నారు. కొన్నిచోట్ల చివర చెక్కిన శిల్పి పేరు కూడా ఉన్నది. గైడు ఈ సంగతి చెబుతున్నప్పుడు అబ్బాజాన్ ముఖం వంక చూశాను. ఆయన శాసనం వైపే చూస్తూ ఉండిపోయారు.

బస్సులోకి తిరిగి వచ్చి నేను దాదీకి అన్నీ వివరించాను. అమ్మరాదన్న మాటకు ఆమె చలించలేదు. శిల్పి పేరు వద్దకు వచ్చేసరికి మాత్రం నా చేయి పట్టుకున్నది.

"రాయి కొట్టినవాని పేరు రాశారా?"

"రాశారు దాదీ."

"మీ దాదా ఎన్ని ఊళ్ళకు బండలు పంపాడో లెక్క లేదు. ఒక్క బండ మీదనైనా ఆయన పేరు లేదు" అని కొంగుతో కళ్ళు ఒత్తుకున్నది. బస్సు కిటికీలో నుండి దూరాన కనిపిస్తున్న ఫరీద్ వైపు అప్పుడు తొలిసారి తేరిపార చూసినది. హదీసు కోరిన కంటతడి, లోపలికి వెళ్ళిన మా కళ్ళలో కాక, బయటనే ఆగిన ఆమె కళ్ళలో కనిపించినది.

సాయంత్రం అల్‌ఉలా పాత ఊరికి వెళ్ళాము. రాతి పునాదులపై మట్టి ఇటుకలతో ఒకదానినొకటి ఆనుకొని కట్టిన సుమారు 900 ఇళ్ళు. ఈ ఊరివారు ఎంతో నమ్మకస్తులనీ, హజ్ యాత్రికులు తమ అదనపు సామగ్రిని వీరి వద్ద విడిచి వెళతారనీ ఇబ్న్ బతూతా మెచ్చుకున్నాడు. శీతకాలపు రాకను నీడతో తెలిపే తంతూరా అనే ఎత్తైన గడియారపు కట్టడం ఇప్పటికీ నిలిచి ఉన్నది. 1980ల వరకు ఇక్కడ మనుషులు కాపురమున్నారు. ఆ తరువాత కొత్త వసతులున్న ఇళ్ళకు తరలిపోయారు. కొన్ని వీధులను బాగు చేసి అంగళ్ళు పెట్టినప్పటికీ, లోపలి వీధులలో కప్పులు కూలి, గోడలు కరగి ఉన్నవి. దగ్గరలోనే ఖర్జూరపు తోటలు మాత్రం పచ్చగా ఉన్నవి. దాదీ ఒక కూలిన గుమ్మం ముందు చాలాసేపు నిలిచినది.

తిరుగు ప్రయాణంలో, ఎవరూ అడగకుండానే ఆమె మాట్లాడినది. "అక్కడ అమ్మవద్దని రాతిమీద రాసుకున్నారు; ఇప్పుడు లోపల ఎవరూ లేరు. ఇక్కడ ఏమీ రాయలేదు. మనుషులు పోగానే మట్టి కూలింది. తోటకు నీళ్ళు పెట్టేవాడున్నాడు గనుక తోట బ్రతికింది. నా ఇల్లు అమ్మకండి. తాళం కూడా వేసి ఉంచకండి. గనిలో పని చేసే ఏ పేదవానికైనా తక్కువ బాడుగకు ఇవ్వండి. పొయ్యి వెలగాలి, అంతే." అబ్బాజాన్ కారు నడుపుతూ, "అలాగే అమ్మా" అన్నారు. ఆ రెండు మాటలు పలకడానికి వారికి చాలాసేపు పట్టినది. ఆ సొమ్ముతో తీర్చవలసిన అప్పులు వారికి ఉన్నవని నాకు తెలుసు.

అప్పులు నేటికీ ఉన్నవి. ఇంట్లో ఇప్పుడు ఒక రాతి పనివాని కుటుంబం ఉంటున్నది. గుమ్మం ప్రక్కన ఒక నాపబండపై మా దాదా పేరును అతడే చెక్కి ఇచ్చాడు, కూలి తీసుకోలేదు.

విద్యార్థి మిత్రులారా! వారసత్వం అనే మాటను మనం పాఠ్యపుస్తకాలలో తరచు చదువుతాము. శాసనాలను చదవడం నేర్చుకోవలసినదే. పురాతన కట్టడాలను కాపాడుకోవలసినదే. అయితే ఏ రాతిమీదా వ్రాయకుండా మన ఇళ్ళలోని పెద్దలు మోసుకొస్తున్న వారసత్వం మరొకటి ఉన్నది. ఎక్కడ అడుగు ఆపవలెనో, ఎక్కడ కన్ను తడవవలెనో, ఏ తలుపును మూసి ఉంచరాదో అది చెబుతుంది. దానిని చదవడానికి పెద్దల ప్రక్కన కూర్చుని వినే ఓపిక ఒక్కటి మనకుంటే చాలు.