ఉప్పెక్కిన సముద్రం

మా హాల్లో టీవీ పక్కన ఒక చిన్న సముద్రం ఉంది. నవ్వకండి, నిజంగానే. ఇరవై గ్యాలన్ల తొట్టి, అంటే మన లెక్కలో 75 లీటర్లు. డాలస్ దగ్గర ఉండే మాకు అసలు సముద్రం చూడాలంటే గాల్వెస్టన్ దాకా ఐదు గంటలు కారులో పోవాలి. అలాంటిది, మావాడు ఇంట్లోనే సముద్రం పెట్టాడు. పెట్టి, కాలేజీకి వెళ్లిపోయాడు. ఇక దాని బాగోగులు ఎవరి నెత్తిన పడతాయో మీకు వేరే చెప్పక్కర్లేదు.

పోయినేడాది వేసవి సెలవుల్లో మొదలైంది ఈ గోల. పిల్లలకి లెక్కలు చెప్పి సంపాదించుకున్న డబ్బులతో, ఊరు మారుతున్న ఒకాయన దగ్గర పాత తొట్టి, లైటు, హీటరు, పంపు కొనుక్కొచ్చాడు. "చేపలంటే గోల్డ్ ఫిష్షులు తెచ్చుకోవచ్చు కదరా" అన్నాను. "అమ్మా, ఇది రీఫ్ ట్యాంకు. ఉప్పునీళ్లు, పగడాలు" అన్నాడు. పగడం అంటే మనకి కుజదోషం ఉన్నవాళ్లు ఉంగరంలో పెట్టుకునేదే కదా. ఫోనులో మా అమ్మకి చెబితే, "మన బందరు పక్కనే మంగినపూడి ఉంది. కార్తీక పౌర్ణమికి వెళ్లి మునిగొస్తే చాలదూ? సముద్రాన్ని ఇంట్లో పెట్టుకోవడమేంటే!" అంది.

కుళాయి నీళ్లు పనికిరావట. లోహాలూ లవణాలూ అన్నీ తీసేసిన శుద్ధమైన నీళ్లు పెద్ద క్యానుల్లో మోసుకొచ్చి, లీటరుకి సుమారు 35 గ్రాముల చొప్పున సముద్రపు ఉప్పు మిశ్రమం కలపాలి. మన వంట ఉప్పు కాదండోయ్. అందులో కాల్షియం, మెగ్నీషియం లాంటివి కూడా సముద్రంలో ఉన్న పాళ్లలో ఉంటాయి. ఉప్పు సరిపోయిందో లేదో నాలిక మీద వేసుకుని చూడ్డం కాదు, చిన్న దుర్భిణి లాంటి పరికరం మీద ఒక చుక్క వేసి చూడాలి. గీత 1.025 దగ్గర ఉండాలి.

అన్నీ పోశాడు. ఇసక పరిచాడు. రాళ్లు పేర్చాడు. మర్నాడు చేపలు వస్తాయి కాబోలు అనుకున్నాను. రాలేదు. అయిదు వారాల పాటు ఖాళీ నీళ్లకి లైటు వేసి కూర్చున్నాం! ఎందుకురా అంటే చెప్పాడు. చేప విసర్జించినదీ, మిగిలిన తిండీ కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. అది చేపకి విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది. అది కొద్దిగా ఉంటే ఫరవాలేదు, అప్పుడప్పుడూ కొంత నీరు మార్చితే పోతుంది. ఈ రెండు రకాలూ రాళ్లలో, ఇసకలో స్థిరపడేదాకా చేపని వేస్తే చంపినట్టే. త్వరగా స్థిరపడాలని వేరేవాళ్ల తొట్టిలోంచి ఒక రాయి తెచ్చి ఇందులో పెట్టాడు. "ఓహో, పాలల్లో తోడు వెయ్యడమన్నమాట" అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "ఎగ్జాక్ట్లీ, అమ్మా" అన్నాడు. పద్దెనిమిదేళ్లలో వాడు నా పోలిక ఒకటి ఒప్పుకోవడం అదే మొదటిసారి.

తర్వాత నత్తలొచ్చాయి, గవ్వల్లో దాక్కునే చిన్న పీతలొచ్చాయి. అద్దాలకి పట్టే నాచు గీకి తినడం వాటి పని. ఆ తర్వాత రెండు క్లౌన్ ఫిష్షులు. అవే, నీమో సినిమాలో నారింజ రంగు మీద తెల్ల పట్టీలుండేవి. సముద్రంలో పట్టినవి కాదు, తొట్టెల్లోనే పుట్టి పెరిగినవి. ఈ జాతిలో అన్నీ మగవిగానే పుడతాయట. జంటలో పెద్దదిగా ఎదిగినది ఆడదైపోయి పెత్తనం చేస్తుంది. మా వారు ఇది విని, "ఏముంది, మనింట్లో లాగానే" అని నవ్వారు.

చివరికి పగడాలు. చిన్న చిన్న ముక్కలు, జిగురుతో రాళ్లకి అంటించాడు. అవి రాయీ కావు, మొక్కా కావు, ప్రాణులు. వాటి ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురముంటుంది. లైటు వెలుగుతో అది తిండి వండుతుంది, పగడం దానికి చోటిస్తుంది. అద్దెకున్నావిడ అద్దె బదులు రోజూ వంట చేసి పెట్టినట్టు. పొద్దున్న లైటు వెలగగానే ఆకుపచ్చ, ఊదా రంగుల్లో బుల్లి బుల్లి పువ్వుల్లా విచ్చుకుంటాయి. నేను కాఫీ అక్కడే తాగడం మొదలుపెట్టాను. వాడికి మాత్రం చెప్పలేదు.

ఈ ఆగస్టులో వాడు ఆస్టిన్‌లో కాలేజీకి వెళ్లాడు. వెళ్లేముందు అరగంట పాఠం చెప్పాడు. నాకు వాడి చొక్కాలు సర్దడం మీదే ధ్యాస. "నీళ్లు తగ్గుతుంటాయి, గ్యారేజీలో క్యానుంది, రోజూ గీత దాకా పొయ్యి" అన్నది మాత్రం చెవిన పడింది. గ్యారేజీలో రెండు క్యానులున్నాయి. ఒకటి ఉత్త నీళ్లు, ఒకటి ఉప్పు కలిపినవి. పైన ఏమీ రాసి లేదు. రెండూ రుచి చూశాను. సముద్రపు చేపలు కదా, ఉప్పు నీళ్లే పొయ్యాలి అనుకున్నాను.

రోజుకి మూడు గ్లాసులు. మూడు వారాలు పోశాను. అయిపోతే వాడు చూపించినట్టే ఇంకో క్యాను కలుపుకుని మరీ పోశాను.

మొదట పగడాలు ముడుచుకున్నాయి. వాతావరణం అనుకున్నాను. తర్వాత ఒక నత్త వెల్లకిలా పడింది. మర్నాడు ఇంకో రెండు. చేప ఒకటి మూలన నిలబడి గబగబా ఊపిరి తీస్తోంది. అప్పుడు ఆ దుర్భిణి వెతికి ఒక చుక్క వేసి చూశాను. గీత 1.030 దగ్గరుంది.

అప్పుడు తట్టింది నా మట్టిబుర్రకి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. పొయ్యి మీద పులుసు మరిగి మరిగి ఇగిరితే ఉప్పెక్కదూ? అప్పుడు ఎవరైనా ఇంత ఉప్పు నీళ్లు పోస్తారా? పాతికేళ్లుగా వంట చేస్తున్నాను. వాడికి తోడు గురించి పాఠం చెప్పినదాన్ని, ఇది నాకు తోచలేదు.

రెండు రోజులు వాడికి చెప్పలేదు. ఫోన్ చేస్తే "చేపలెలా ఉన్నాయి?" అంటాడు, "బావున్నాయి నాన్నా" అంటాను. "క్లాసులెలా ఉన్నాయి?" అంటాను, "బావున్నాయి" అంటాడు. మూడో రోజు రాత్రి ఇంకో నత్త పోయింది. ఇక ఆగలేక ఫోన్ చేసి చెప్పేశాను. ఏడుపొచ్చింది. వాడు ఏడాది పెంచుకున్నది మూడు వారాల్లో పాడుచేశానని.

వాడు కోప్పడలేదు. "అమ్మా, కంగారుపడి ఒక్కసారే మార్చెయ్యకు. వాటికి దెబ్బ. రోజూ కొంచెం ఉప్పు నీళ్లు తీసి, అంతే మంచినీళ్లు పొయ్యి. వారం పడుతుంది. క్యాను మీద రాయకపోవడం నా తప్పే" అన్నాడు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. పెట్టేశాడేమో అనుకుని "నాన్నా?" అన్నాను.

"నేను కూడా ఒకటి చెప్పలేదు" అన్నాడు. మొదటి పరీక్ష ఫెయిలయ్యాడట. పది రోజులైంది. స్కూల్లో ఎప్పుడూ తప్పని వాడికి అది మా ఇద్దరికీ ఎలా చెప్పాలో తెలియలేదట. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదట. వాడూ "బావున్నాయి" అన్నాడు, నేనూ "బావున్నాయి" అన్నాను.

నాకేం చెప్పాలో తెలియలేదు. మామూలుగా అయితే ఏమనేదాన్నో నాకు తెలుసు. ఫోన్లు చూస్తూ కూర్చున్నావా, మీ నాన్న ఇంత కడుతుంటే, అనేదాన్ని. ఆ రాత్రి మాత్రం చేతిలో చచ్చిన నత్త పట్టుకుని ఉన్నాను. "ఒక్కసారే సరిచెయ్యక్కర్లేదులే. ప్రొఫెసరు దగ్గరకి వెళ్లి అడుగు. రోజూ కొంచెం" అన్నాను. వాడు నవ్వాడు. ముక్కు ఎగబీల్చడం కూడా వినపడింది.

వారం రోజులు గ్లాసు తీయడం, గ్లాసు పొయ్యడం. మొత్తం నాలుగు నత్తలు పోయాయి, ఒక పగడపు ముక్క తెల్లబడి మళ్లీ రాలేదు. మిగిలినవి బతికాయి. చేపలు రెండూ బతికాయి.

క్యానుల మీద మార్కరుతో పెద్దక్షరాలతో తెలుగులో రాశాను, ఒకదాని మీద "మంచినీళ్లు", ఒకదాని మీద "ఉప్పునీళ్లు". థాంక్స్ గివింగ్ సెలవులకి వాడొచ్చాడు. బ్యాగు కింద పెట్టకుండానే తొట్టి ముందు కూర్చున్నాడు. తర్వాత గ్యారేజీలోంచి వాడి గొంతు వినపడింది. చిన్నప్పుడు నా ఒళ్లో కూర్చుని చదివినట్టే కూడబలుక్కుంటున్నాడు. "మం... చి... నీ... ళ్లు. అమ్మా, ఇదే కదా పొయ్యాల్సింది?"

"అదే నాన్నా" అన్నాను.