నల్లని యద్దములు

గడచిన యేడాది మేమొక పాత కారు కొంటిమి. బడిపంతులు కారెక్కుట పామర్రులో కొందరికి వింతగా నుండెను. ఆ ముచ్చట యిప్పుడు వలదు. వైశాఖమాసపు టెండలో నొకనాడు బెజవాడ పోయి వచ్చుసరికి, వెనుక సీటున కూర్చున్న మా తల్లిగారి మొగము కందిపోయెను. అద్దములకు నల్లఫిల్ము వేయింపవలెనని నాడే నిశ్చయించుకొంటిమి.

ఎండ నిజమే గాని, యది సగము కారణము. మా కుమార్తె బందరులో చదువుకొనుచున్నది. సాయంకాలము మేమే కారులో నింటికి తెచ్చుచుందుము. గుడివాడ రోడ్డు కలియు కూడలిలో బండి యాగినప్పుడు దారినిపోవువారు లోనికి తొంగిచూచుట మాకు గిట్టదు. ఈ మాట యింటిలో నెవ్వరికిని చెప్పలేదు.

మరుసటి వారము ముగ్గురము బెజవాడ పోతిమి. దుకాణదారుడు ఫిల్ము చుట్ట విప్పి, "ఇది వేయిస్తే లోపల ఎవరున్నదీ నరమానవుడికి కనపడదు మాస్టారూ" అనెను. మా మనసులోని మాటయే. మా యమ్మాయి, "దీనిలోనుంచి వెలుతురు నూటికి ఎంత వస్తుందండీ?" యని యడుగగా, "అందరూ వేయిస్తున్నారమ్మా" యని యతడు దాటవేసెను.

అమ్మాయి ఫోనులో నిబంధనలు తీసి మాకు చూపెను. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో నూరవది, ముందు వెనుక యద్దములు నూటికి 70 పాళ్లును, ప్రక్క యద్దములు 50 పాళ్లును వెలుతురు విడువవలె ననుచున్నది. 2012 ఏప్రిలు 27న సుప్రీముకోర్టు ఏ ఛాయ ఫిల్మునైనను అంటింపరాదనెను. 2021 ఏప్రిలు నుండి అమలైన సవరణ నాధారము చేసికొని, ఆ పరిమితులకు లోబడిన ఫిల్ము వేసికొనవచ్చునని 2024లో కేరళ హైకోర్టు చెప్పినది. ఏ మాట పట్టుకొన్నను మా యెదుటి చుట్ట నిషిద్ధమే. శాస్త్రమును మాకు తోడురాలేదు. సూర్యతాపములో నించుమించు సగము కంటికగపడని పరారుణ కిరణములలో నున్నది. చీకటి చేసినంత మాత్రమున నది యాగదు. నలుపు మ్రింగిన వెలుతురు వేడియై కొంత మరల లోనికే వచ్చును.

"అయినను ఎండ కొంత తగ్గును గదా" యంటిమి. "నేను వచ్చేది సందెవేళ గదా నాన్నగారూ, అప్పుడు ఎండేదీ?" యనెను. మేము చుట్టవైపు చూచుచు నిలిచితిమి. 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాల పెట్టిన వీరేశలింగము పంతులుగారిని గూర్చి యేటేట పాఠము చెప్పు నోరిది.

మా తల్లిగారు అంతవరకు పలుకలేదు. "మా అమ్మను చల్లపల్లి కాపురానికి పంపినప్పుడు గూడుబండికి ముందూ వెనకా దుప్పట్లు కట్టారట. కూచిపూడి ఎప్పుడు దాటిందో ఆమెకు తెలియదు. కాలవ నీళ్ల చప్పుడు మాత్రం వినపడిందట" అని, కొంత తడవాగి, "పోదాం పద నాయనా" యనెను.

ఫిల్ము వేయింపకయే మరలితిమి. మధ్యాహ్నపు టెండ కుడిప్రక్కను కొట్టుచుండగా మా తల్లిగారు ఎడమకు జరిగి, తడితువాలు నెత్తిన వేసికొనిరి. పామర్రు కూడలిలో బండి యాగినంతనే యొక కుఱ్ఱవాడు లోనికి తొంగిచూచెను. మా తల్లిగారు అద్దము దింపి, "ఏరా, మీ అమ్మకు జ్వరం తగ్గిందా?" యని యడిగిరి.