విల్లు మన రక్తంలో ఉందా?

కొంచెం పొడుగు పోస్టు, తీరిక దొరికినప్పుడు చదవండి.

మేము ముగ్గురం ఒకే రూములో ఉంటున్నాం. ఒకరిది పాడేరు వైపు కొండ మీది ఊరు, ఒకరిది చింతూరు దగ్గర, ఒకరిది సీతంపేట. మూడిళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మొన్న కాలేజీలో ఆటల సెలక్షన్లు పెట్టారు. ఫారంలో ఏ ఆటో రాయమన్నారు. ఇద్దరం వాలీబాల్ అని, చింతూరువాడు క్రికెట్ అని రాశాం. వాడు ఫాస్ట్ బౌలరు. టెన్నిస్ బంతితోనే సీనియర్లకు చుక్కలు చూపిస్తాడు.

నోటీసు బోర్డులో చూస్తే మా ముగ్గురి పేర్లూ ఆర్చరీ కింద ఉన్నాయి.

పీడీ సార్ దగ్గరికి వెళ్లి అడిగాం. "మీకు విల్లు పుట్టుకతో వస్తుందిరా, మీ రక్తంలోనే ఉంది. మీ మంచికే వేశాను" అన్నారు. కోపంగా కాదు, ప్రేమగానే అన్నారు. అందుకే ఎదురు చెప్పలేకపోయాం.

ట్రయల్స్ రోజు మా చేతికిచ్చిన విల్లు మేమెప్పుడూ చూడనిది. గురి చూడ్డానికి ఒక పరికరం, ముందుకు పొడుచుకొచ్చిన కడ్డీలు. ముందు మా బౌలర్‌నే పిలిచారు. మొదటి బాణం బోర్డుకి చాలా ముందే నేలలో దిగింది. రెండోసారి నారి తగిలి ఎడమ చెయ్యి కమిలిపోయింది. వెనక నుంచి ఎవడో, "ఏకలవ్యుడి మనవడా, బొటనవేలు ఉందా, ఇచ్చేశావా?" అన్నాడు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. ఆ నవ్వే రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. అదే పొద్దున గ్రౌండుకి అవతలి పక్క క్రికెట్ సెలక్షన్లు అయిపోయాయి. మళ్లీ వచ్చే ఏడాదే. అప్పటికి మాకు చివరి సంవత్సరం, ఆ సర్టిఫికెట్ వచ్చినా స్పోర్ట్స్ కోటాకి ఎంతవరకు పనికొస్తుందో.

నిజం చెప్పాలంటే తప్పు సార్ ఒక్కరిదే కాదు. ఆగస్టు 9 వస్తే మైకు పట్టుకుని "విల్లు మన రక్తం" అని అరిచేది మనమే కదా! మా ఇంట్లోనూ తాత విల్లు అటక మీద ఉంది. ఇటుకల పండగకి కిందికి దించుతారు. మగవాళ్లు అడవికి పోతారు, ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా నిలబడి బండ్లాపి డబ్బులడుగుతారు. వేట ఇప్పుడు పేరుకే. దొరికిన రోజుల్లో మాత్రం వెళ్లనివాడి ఇంటికి కూడా వాటా వచ్చేదని తాత చెప్తాడు. అందులో గెలిచిందెవరు, ఓడిందెవరు? అది ఆట కాదు, కూడు. దాన్నీ, 70 మీటర్ల దూరంలో రంగు వలయాలు పెట్టి పాయింట్లు లెక్కపెట్టే ఆటనీ ఒకటే అంటే ఎలా?

లింబారాం సంగతి చూడండి. రాజస్థాన్‌లో ఉదయపూర్ వైపు ఆదివాసీ. చిన్నప్పుడు వెదురు విల్లుతో పిట్టల్ని కొట్టినవాడే. ఆ అలవాటు పనికి రాలేదని మేము అనం. కానీ 1987లో స్పోర్ట్స్ అథారిటీ వాళ్లు ఏరుకుని, కోచ్‌ని పెట్టి నేర్పిస్తేనే ఒలింపిక్స్ దాకా వెళ్లాడు. 1992 బార్సిలోనాలోనూ ఆడాడు.

ఇక హాకీ. జార్ఖండ్‌లో సిమ్‌డేగా, ఖుంటీ, పక్కనే ఒడిశాలో సుందర్‌గఢ్, ఇవన్నీ ముండా, ఒరావ్, ఖడియా ఊళ్లు. హాకీ వాళ్ల తాతల ఆట కాదు, తెల్లవాళ్లు, మిషన్ స్కూళ్లు తెచ్చింది. అయినా 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మన దేశానికి మొదటి హాకీ స్వర్ణం వచ్చినప్పుడు కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా. రాజ్యాంగ సభలో ఆదివాసీల తరఫున గొంతెత్తిన ఆయనే. తర్వాత దిలీప్ తిర్కీ 400కి పైగా మ్యాచులు ఆడాడు. ఇప్పుడు నిక్కీ ప్రధాన్, సలీమా టేటే. ఇంతమంది ఆ ముక్క నేల నుంచే ఎందుకు? అక్కడ కర్రకి కొదవ లేదు. వెదురు వంచితే స్టిక్కు, వెదురు దుంప చెక్కితే బంతి. ఊరి టోర్నమెంటులో గెలిస్తే మేకపోతు, దాన్ని ఖస్సీ అంటారు. జట్టంతా కోసుకుని తింటారు. (కప్పు కన్నా మేకే నయమని మా రూములో ముగ్గురూ ఒప్పుకున్నాం.) ఆ పైన రూర్కెలాలో పాన్‌పోష్ స్పోర్ట్స్ హాస్టల్ వచ్చింది, బాగా ఆడినవాడికి రైల్వేలో ఉద్యోగం వచ్చింది. పక్కింటి అన్న ఆడి ఉద్యోగం తెచ్చుకుంటే తమ్ముడు కర్ర పట్టకుండా ఉంటాడా? నూరేళ్లలో పరాయి ఆట సొంత ఆటైపోయింది. ఇప్పుడు వాళ్లకీ "హాకీ మీ రక్తంలోనే ఉంది" అంటున్నారు!

మరి మన ఏజెన్సీలో ఏ ఊరికెళ్లినా వాలీబాల్ ఎందుకుందో ఎప్పుడైనా ఆలోచించారా? మా పాడేరు వైపు క్రికెట్ ఆడితే బంతి గెడ్డలోకి పోతుంది. సిక్సు కొట్టినవాడే దిగి తేవాలని రూలు పెడితే సిక్సులు కొట్టడమే మానేశారు. వాలీబాల్‌కి 18 మీటర్ల పొడుగు, 9 మీటర్ల వెడల్పు చదును చాలు. రెండు గుంజలు పాతితే ఒక్క బంతితో పన్నెండు మంది ఆడొచ్చు. ఇంకోటి కూడా ఉంది. ఆ నెట్టూ బంతీ చాలా ఊళ్లకు పోలీసోళ్లు ఇచ్చినవే. కిట్లు పంచారు, టోర్నమెంట్లు పెట్టారు. ఎందుకిచ్చారో పెద్దవాళ్లకి తెలుసు, తీసుకోవాలా వద్దా అని భయపడ్డారు కూడా. పిల్లలకి మాత్రం బంతి కావాలి. అదే పోలీసోళ్లు హాకీ కర్రలు పంచి ఉంటే మనమూ ఇవాళ హాకీ మన ఆట అనేవాళ్లమేమో.

చింతూరువాడి ఊర్లో వరి కోతలయ్యాక మళ్లు చదునుగా, ఎండి గట్టిపడి ఉంటాయి. అక్కడ క్రికెట్ పుట్టింది. వాడు బౌలరయ్యాడు. రక్తమంటే, కోయవాడిగా వాడి రక్తమూ అదే, మడిలో పరిగెత్తిన కాళ్లూ అవే. మరి ఒకటి లెక్కకొచ్చి ఇంకోటి ఎందుకు రాదు?

ఆర్చరీ వద్దని కాదు. ఇష్టమున్నవాళ్లు అడిగి చేరాలి, నేర్పేవాళ్లూ ఉండాలి. మా సీతంపేటవాడికైతే ఆ విల్లు నచ్చింది, ఉంటానన్నాడు. మిగతా ఇద్దరం సార్‌కి తెలుగులోనే ఒక లెటర్ రాసి ఇచ్చాం. చదివి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆదివారం పొద్దున్నే ఆరింటికి రండి. వాణ్ని ఒక్క ఓవర్ వెయ్యమను, చూస్తాను" అన్నారు. మాట ఇవ్వలేదు, చూస్తానన్నారు అంతే. వాలీబాల్ సంగతి అడగడానికి ఆ పూట ధైర్యం చాలలేదు.

మీ ఊర్లో ఏ ఆట ఆడతారు, అది ఎవరి వల్ల వచ్చింది? తెలిసినవాళ్లు రాయండి, మేము రాసి పెట్టుకుంటాం. ప్రస్తుతానికి హాస్టల్ వెనక 22 గజాలు అడుగులతో కొలిచి, వికెట్ల బదులు రెండు ఇటుకలు నిలబెట్టాం. వాడి చెయ్యి వాపు తగ్గింది. ఇవాళ గురువారం.