బండొచ్చింది, కార్డు రాలేదు

ఫోను ఎత్తగానే వినిపించే ప్రశ్న ఒకటే. "బండెప్పుడిస్తారు లాయరుబాబూ?" లైసెన్సు సంగతి ముందుగా అడిగినవాళ్లు నాకింతవరకూ తగల్లేదు. వాళ్ల తొందర నాకు తెలుసు. నేనూ విశాఖ జాలరిపేటలో పుట్టినవాణ్ణే. తెల్లారకముందే హార్బర్‌లో వేలంపాట మొదలవుతుంది. ట్రాలీ పోలీసు స్టేషన్ ఆవరణలో నిలబడిపోతే ఆ పూట సరుకు మార్కెట్టుకి వెళ్లదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ వేట నిషేధం. ఆ 61 రోజులూ బోట్లు రేవులోనే ఉంటాయి, కుర్రాళ్లు ఆటోలెక్కుతారు. పనికి పని, చేతికి చిల్లర. రాత్రయ్యాక బీచ్ రోడ్డులో పోలీసులు ఆపి ఊదమంటారు. నాకు కేసులు ఎక్కువ వచ్చేదీ ఆ రోజుల్లోనే.

బండి సంగతి తేలికే. తాగి దొరికినంత మాత్రాన పోలీసులు వాహనాన్ని స్వాధీనం చేసుకుని అట్టేపెట్టుకోకూడదనీ, తాగనివాడు పక్కన ఉంటే అతనికి అప్పగించాలనీ, లేకపోతే బంధువునో స్నేహితుణ్ణో పిలిపించాలనీ 2021లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. అది పొరుగు రాష్ట్రం తీర్పు, ఇక్కడ తప్పక పాటించాలని లేదు. అయినా స్టేషన్‌లో మర్యాదగా చేతికిస్తే చదువుతారు. తాళం చేతికొచ్చాక మావాళ్లకి కేసు అయిపోయినట్టే. అసలు కేసు అక్కడే మొదలవుతుంది.

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. మొదటిసారైతే ఆరు నెలల దాకా జైలు, లేదా పది వేల జరిమానా, లేదా రెండూ. రెండోసారైతే రెండేళ్ల దాకా జైలు, పదిహేను వేలు. 2019 సెప్టెంబరుకి ముందు మొదటిసారి జరిమానా రెండు వేల లోపే. నిషేధ కాలంలో మత్స్యకార కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చే భృతి కూడా 2019లోనే పది వేలైంది. 2025లో ఇరవై వేలు చేశారు గానీ, మధ్యలో కొన్నేళ్లపాటు ఒక చేత్తో అందిన భృతి ఇంకో చేత్తో కోర్టు కౌంటర్లో పడిన ఇళ్లు మా పేటలో ఉన్నాయి.

దీన్ని స్పాట్‌లో చలానా కట్టి వదిలించుకోవడం కుదరదు. కోర్టుకి రావలసిందే. వచ్చాక మావాళ్లనే మాట: "ఒప్పేసుకుంటాను బాబూ, పది వేలు కట్టేస్తే పోద్ది గదా." పోదు. 20వ సెక్షన్ చదివి వినిపిస్తాను. 185 కింద శిక్ష పడితే కోర్టు ఆరు నెలలకు తక్కువ కాకుండా లైసెన్సుకి అనర్హుణ్ణి చేయాలి. నేరం ఒప్పుకున్నాక శిక్ష ఎక్కువైందనో, చట్టప్రకారం లేదనో తప్ప అప్పీలుకి దారి ఉండదు. ఒప్పుకోవద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ ఆరు నెలల మాట విన్నాక ఒప్పుకోమంటాను.

కోర్టు ఒక దారి, రవాణా శాఖ ఇంకో దారి. 206వ సెక్షన్ కింద పోలీసు లైసెన్సు తీసుకుని రవాణా శాఖకు పంపుతాడు, రసీదిస్తాడు. ఆ రసీదు జేబులో పెట్టుకుని బండి తోలొచ్చన్న నమ్మకం మా పేటలో గట్టిగా పాతుకుపోయింది. కుదరదని చట్టం స్పష్టంగా చెప్పింది: కార్డు తిరిగొచ్చేదాకా ఆ కాగితంతో నడపడానికి లేదు. సస్పెండు చేసే అధికారం మాత్రం పోలీసుది కాదు, లైసెన్సు ఇచ్చే అధికారిది. ఆయన నోటీసిచ్చి, మన మాట విని, కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వాలి. మొదటి తప్పుకి మూడు నెలలు, మళ్లీ దొరికితే లైసెన్సు రద్దు. నచ్చకపోతే 30 రోజుల్లో అప్పీలు. నోటీసు పాత అద్దె ఇంటికి వెళ్లి, తలుపు తాళం చూసి తిరిగిపోతుంది. విచారణ రోజున మాధవధార రవాణా ఆఫీసులో మనవాడు ఉండడు, ఉత్తర్వు పడిపోతుంది. అందుకే ఫీజు మాట కన్నా ముందు నేనడిగేది ఇప్పుడుంటున్న అడ్రసు.

నోటీసుకి జవాబులో "తాగలేదు" అని రాయను, చేతిలో ఆధారం ఉంటే తప్ప. ఊదించిన మిషన్ స్లిప్పు చూస్తాను: టైమెంత, పేరు సరిగా ఉందా, ఆ రాత్రి స్టేషన్ రికార్డుతో సరిపోతోందా. అరెస్టు చేసి ఉంటే రెండు గంటల్లో డాక్టరు పరీక్ష జరిగిందా, కేజీహెచ్ ఆసుపత్రి కాగితం ఉందా. "ఊదనని భీష్మించాను బాబూ, నా మీద రుజువేటుంది?" అని గర్వంగా చెప్పేవాడు అప్పుడప్పుడు వస్తాడు. సరైన కారణం లేకుండా పరీక్షకి ఒప్పుకోకపోతే దాన్నీ అతనికి వ్యతిరేకంగానే లెక్కలోకి తీసుకోవచ్చని 205వ సెక్షన్. ఎక్కువ కేసుల్లో స్లిప్పు నిజమే చెబుతుంది. కేసు కొట్టేయిస్తానని ముందే డబ్బు మాట్లాడుకునే వకీళ్లంటే నాకు పడదు. నేను చేయగలిగింది జైలు తప్పించమని అడగడం, గడువు ఒక్క రోజు కూడా ఎక్కువ సాగకుండా చూడటం. ఆ ఫీజూ ఇవ్వలేనివాణ్ణి కోర్టులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకి పంపిస్తాను, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

వకీళ్లకన్నా ప్రమాదం బ్రోకర్లు. వేరే జిల్లా అడ్రసుతో కొత్త కార్డు తెప్పిస్తామంటారు. అనర్హత ఉండగా ఆ సంగతి దాచి లైసెన్సుకి దరఖాస్తు చేసినా, బండి నడిపినా మూడు నెలల దాకా జైలు, లేదా పది వేల జరిమానా, లేదా రెండూ.

వీటన్నిటికన్నా నేను భయపడేది బీమాకి. తాగి గుద్దితే సొంత బండి నష్టానికి కంపెనీ పైసా ఇవ్వకపోవచ్చు. ఊదించిన కాగితం లేకపోయినా మిగతా సాక్ష్యాలతో తాగాడని తేల్చవచ్చని 2021లో ఇఫ్కో టోకియో కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అనర్హత కాలంలో నడిపి ఎవరినైనా గుద్దితే, బాధితుడికిచ్చిన పరిహారాన్ని కంపెనీ బండి యజమాని నుంచి వసూలు చేసుకునే అవకాశం ఉంది. మా పేటలో యజమాని అంటే ఎవరు? చీటీ పాడి, పుస్తెలు కుదువపెట్టి కొడుక్కి ట్రాలీ కొనిచ్చిన తల్లి.

అలాంటి అత్త ఒకామె మొన్న వేసవిలో వచ్చింది. కొడుక్కి మూడు నెలలు పడ్డాయి. గడువు తీరగానే కార్డు ఇంటికి రాదనీ, రిఫ్రెషర్ శిక్షణ పూర్తి చేస్తేనే ఇస్తారనీ చెబుతుంటే మధ్యలోనే ఆపింది.

"ఆడు కూకుంటే కూకున్నాడు గానీ, బండి కూకోకూడదు బాబూ. మా కోడలికి నేర్పిత్తే ఒప్పుకుంటారా?"

నిక్షేపంగా ఒప్పుకుంటారన్నాను. ఆమెది నాలుగు చక్రాల చిన్న ట్రాలీ. తేలికపాటి వాహనం లైసెన్సు ఉంటే 7,500 కిలోల లోపు రవాణా వాహనం నడపడానికి ప్రత్యేక అనుమతి అక్కర్లేదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) వచ్చాక 30 రోజులకి పరీక్షకి వెళ్లొచ్చు. కొడుకు గడువులో రెండు నెలల దాకా ఇంకా మిగిలే ఉంటుంది. ఆ లెక్క అత్త నాకన్నా ముందే వేసుకున్నట్టుంది, కోడలి ఆధార్ కార్డు కొంగున కట్టుకునే వచ్చింది.