మా మేనకోడలి లగ్నం

సంచికకు వ్యాసం కావాలని మన యూనియన్ మిత్రులు అడిగినప్పుడు రెండు షరతులు పెట్టారు. మొదటిది, "లెక్కల పూర్వవిద్యార్థివి గదా, లెక్కల మీదే రాయి." రెండోది, "మాకు అర్థమయ్యేలా రాయి." ఈ రెండూ ఒక్కచోట కుదరడం ఎంత కష్టమో మన లెక్చరర్లకు బాగా తెలుసు. అయినా ఒక లెక్క ఉన్నది. అది మా ఇంట్లో జరిగింది. కూడికలు తప్ప ఏమీ రాని మా అమ్మ కూడా ఆ లెక్క చూసి కన్నీళ్ళు పెట్టుకున్నది. అదే రాస్తున్నాను. జ్యోతిషాన్ని నమ్మమని అనను, నమ్మవద్దనీ అనను. ఆ తగాదా మన హాస్టలు గదుల్లో ఎప్పుడూ ఉన్నదే.

మా నాన్నగారు జాతకాలు కడతారు. నలభై ఏళ్ళ పంచాంగాలు మా ఇంట్లో అటక మీద దొంతర్లుగా ఉన్నాయి. ఎవరింట పురుడు వచ్చినా గంట, నిమిషం చీటీ మీద రాసుకుని మా అరుగు మీదికి వచ్చేవారు. ఆయన ఫలం చెప్పడంలో తొందరపడే మనిషి కాదు. లెక్క మాత్రం రెండుసార్లు చేసేవారు.

ఆ లెక్కే మా అక్క కొంప ముంచింది. అక్కకు కుజదోషం ఉన్నదని మొట్టమొదట కనిపెట్టింది నాన్నగారే. దాచమని అమ్మ ఎంత బతిమాలినా ఆయన దాచలేదు. వచ్చిన సంబంధాలు వచ్చినట్టే వెనక్కు పోయాయి. చివరికి తనతో పరిశోధన చేసే అబ్బాయిని అక్క తనంతట తాను పెళ్ళి చేసుకున్నది. "జాతకాలు చూపించలేదు, చూపించను" అని ఒక్క ముక్క ఉత్తరం రాసింది. నాన్నగారు పెళ్ళికి వెళ్ళలేదు. తరవాత నాలుగేళ్ళు తండ్రీ కూతుళ్ళ మధ్య మాటలు లేవు. కబుర్లన్నీ నా ద్వారానే నడిచేవి.

పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ నార్వే దేశంలో ట్రోమ్సో అనే ఊరు చేరారు. అక్కడొక విశ్వవిద్యాలయం ఉన్నది. ఊరి అక్షాంశం 69 డిగ్రీల 39 నిమిషాలు. అంటే ఆర్కిటిక్ వృత్తానికి ఇంకా మూడు డిగ్రీలు ఉత్తరాన. 2019 డిసెంబరు 10, మంగళవారం, అక్కడి టైము మధ్యాహ్నం 1 గంట 45 నిమిషాలకు అక్కకు ఆడపిల్ల పుట్టింది. మనకప్పుడు సాయంత్రం ఆరుంపావు. బావగారు ఫోను చేశారు. అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. నాన్నగారు ఏమీ అనలేదు. కాసేపయ్యాక నా గదిలోకి వచ్చి, "నిమిషం సరిగ్గా అడిగావట్రా?" అన్నారు.

ఆ రాత్రే ఆయన లెక్కకు కూర్చున్నారు. మొదటి చిక్కు వారం దగ్గరే వచ్చింది. మనకు వారం మారేది అర్ధరాత్రి కాదు, సూర్యోదయానికి. ట్రోమ్సోలో నవంబరు చివరి నుంచి జనవరి మధ్యదాకా సూర్యుడు లేవడు. మిట్టమధ్యాహ్నం దక్షిణాన కాస్త నీలపు వెలుగు వచ్చి పోతుందంతే. ఉదయం నుంచి ఉదయానికి ఒక వారం అంటే, ఆ పిల్ల పుట్టేనాటికి ఆ ఊళ్ళో రెండు వారాలుగా వారం మారనట్టే! నాన్నగారు నవ్వలేదు. "మంగళవారమనే రాద్దాం" అన్నారు.

రెండో చిక్కు లగ్నం. తెలియనివారి కోసం చెబుతాను. సూర్యుడు ఏడాది పొడుగునా నడిచే దారిని క్రాంతివృత్తం అంటారు. పన్నెండు రాశులూ దాని మీదే ఉన్నాయి. శిశువు పుట్టిన క్షణాన ఆ వృత్తం తూర్పు క్షితిజాన్ని ఏ డిగ్రీ దగ్గర కోస్తున్నదో అదే లగ్నం. మధ్యాహ్నరేఖను కోసే బిందువు దశమం. ఈ రెండు మేకులూ దొరికితే తక్కిన భావాలను వాటి నడుమ కడతారు. మన ఊళ్ళో రెండు గంటలకొక లగ్నం చొప్పున, ఇంచుమించుగా, రోజుకు పన్నెండూ వరసగా లేస్తాయి. నాన్నగారి లగ్న పట్టికలు 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అయిపోయాయి. ఆయన ఆఖరి పేజీ తిప్పి అట్ట లోపలివైపు కూడా చూశారు, అక్కడేమైనా ఉంటుందేమోనని.

"నీ కంప్యూటర్లో చూడు" అన్నారు. ఆయన నోటివెంట ఆ మాట నేనెన్నడూ వినలేదు. చూశాను. ఒక ప్రోగ్రాం మకర లగ్నం, ఎనిమిది డిగ్రీలు అన్నది. ఇంకొకటి కర్కాటక లగ్నం, ఎనిమిది డిగ్రీలు అన్నది. సరిగ్గా ఎదురెదురు! మూడోది ఈ అక్షాంశానికి భావాలు కట్టలేనని చేతులెత్తేసింది.

ఇక నేను కాగితం తీసుకున్నాను. భూమి ఇరుసు వాలు 23 డిగ్రీల 26 నిమిషాలు. దాన్ని 90 లోంచి తీసేస్తే ఆర్కిటిక్ వృత్తం. దానికి ఉత్తరాన ఉన్న ఊళ్ళో క్రాంతివృత్తంలో కొంత భాగం ఎన్నడూ అస్తమించదు, దానికెదురుగా ఉన్న అంత భాగమూ ఎన్నడూ ఉదయించదు. ట్రోమ్సోకు లెక్క కడితే చెరొక 58 డిగ్రీలు వచ్చింది. మన నిరయన రాశుల్లో చెప్పాలంటే వృషభం 7 నుంచి కర్కాటకం 5 దాకా అస్తమించదు. వృశ్చికం 7 నుంచి మకరం 5 దాకా ఉదయించదు. క్షితిజాన్ని తాకని డిగ్రీ లగ్నం కాజాలదు గదా! కాబట్టి మిథున లగ్నంలోగాని ధనుర్లగ్నంలోగాని ఆ ఊళ్ళో ఎవరూ పుట్టలేరు. ఆ రోజు సూర్యుడు వృశ్చికంలో 23 డిగ్రీలు దాటి ఉన్నాడు, అంటే ఆ లేవని భాగంలోనే. సూర్యోదయం లేకపోవడానికీ, లగ్నాలు లేకపోవడానికీ కారణం ఒక్కటే.

ఇంతటితో అయిపోలేదు. రోజులో ఇంచుమించు ఇరవై గంటల సేపు అక్కడ లగ్నాలు కర్కాటకం నుంచి వృశ్చికం దాకా సక్రమంగానే నడుస్తాయి. తక్కిన నాలుగు గంటలు వెనక్కు నడుస్తాయి. వృషభం, మేషం, మీనం, కుంభం, మకరం! ఆ పైన మకరం నుంచి ఒక్క గంతులో ఎదురుగా ఉన్న కర్కాటకానికి దూకుతుంది. ఆ నాలుగు గంటలూ మధ్యాహ్నరేఖ మీది దశమ బిందువు దక్షిణాన భూమి కిందికి పోయి ఉంటుంది. మా మేనకోడలు పుట్టింది సరిగ్గా ఆ నాలుగు గంటల్లోనే. ముప్పావుగంట ఆలస్యమైతే ఏ పేచీ లేకుండా కర్కాటకమే అయ్యేది.

మరి ఆ రెండు ప్రోగ్రాములకూ తగవెందుకు? లగ్నం లెక్క చివరికి ఒక టాంజెంటు విలువ దగ్గర తేలుతుంది. ఒకే టాంజెంటుకు కోణాలు రెండు, 180 డిగ్రీల ఎడంలో. మన వైపు ఊళ్ళకు మామూలు సూత్రం తూర్పు బిందువునే ఇస్తుంది. ధ్రువవృత్తం దాటాక ఆ నాలుగు గంటల్లో అదే సూత్రం పడమటి బిందువును ఇస్తుంది. ఒకరు అది గమనించి తూర్పుకు తిప్పుకున్నారు. ఇంకొకరు సూత్రం ఏమంటే అదే అన్నారు.

భావాల సంగతి మరీ ఘోరం. ఇటలీలో ప్లాసిడస్ (1603-1668) అనే సన్యాసి పేరున ఒక పద్ధతి ఉన్నది. మన దేశంలో కె.ఎస్. కృష్ణమూర్తి గారు (1908-1972) తమ పద్ధతికి దాన్నే తీసుకున్నారు. ఒక బిందువు ఉదయించినది మొదలు మధ్యాహ్నరేఖకు చేరేదాకా పట్టే కాలాన్ని మూడు భాగాలు చేయడం అందులోని కీలకం. ఉదయించనే ఉదయించని బిందువుకు ఏ కాలాన్ని భాగిస్తాం? మూడో ప్రోగ్రాం చేతులెత్తేసింది అందుకే. నాన్నగారు వాడేది శ్రీపతి పద్ధతి. దశమానికీ లగ్నానికీ మధ్యనున్న డిగ్రీలనే మూడు భాగాలు చేస్తారు. అది ఎక్కడైనా పని చేస్తుంది. కాని ఇక్కడ దశమం ధనుస్సులో 23 దాటి ఉన్నది, లగ్నం మకరంలో 8. నడుమ పధ్నాలుగు డిగ్రీలు. అంటే కొన్ని భావాలకు అయిదేసి డిగ్రీలైనా రాలేదు, కొన్నిటికి 55 చొప్పున వచ్చాయి. ఒకే ఇంట్లో ఒక గది గూడంత, ఇంకో గది కల్యాణ మంటపమంత!

నేను ఇదంతా ఉత్సాహంగా చెబుతున్నాను. నాన్నగారు వినడం లేదు. ఆయన వేలు కాగితం మీద తులారాశి దగ్గర ఆగి ఉన్నది. అక్కడ కుజుడున్నాడు.

నాకప్పుడు తట్టింది. కర్కాటక లగ్నమైతే తుల నాలుగో ఇల్లు. నాలుగింట కుజుడు, కుజదోషం. మకర లగ్నమైతే తుల పదో ఇల్లు, దోషం లేదు. తల్లికి ఏది చెప్పి ఇల్లు దూరం చేసుకున్నారో అదే మాట ఇప్పుడు పిల్లకు చెప్పాలో వద్దో, ఒక టాంజెంటుకు ఉన్న రెండు జవాబుల్లో దేన్ని తీసుకుంటారన్న దాని మీద ఉన్నది.

ఆయన లేచి బీరువాలోంచి భాస్కరాచార్యుల గోళాధ్యాయం తీశారు. 1150లో వెలసిన సిద్ధాంత శిరోమణిలోని భాగం. సుమారు 69 డిగ్రీల అక్షాంశం దాటితే ధనుస్సు, మకరం ఎన్నడూ కనిపించవనీ, మిథున కర్కాటకాలు ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటాయనీ అందులో ఉన్నది. నేను ఆశ్చర్యపోయాను. నాన్నగారు మాత్రం నీరసపడ్డారు. "మకరం లేవదంటున్నాడు గదరా" అన్నారు మెల్లగా.

"అవి సాయన రాశులు నాన్నగారూ. అయనాంశ 24 డిగ్రీలు తీసేయండి. మనకు మకరంలో అయిదు డిగ్రీలు దాటితే లేస్తుంది. పిల్లది ఎనిమిదో డిగ్రీ."

ఆయన రెండుసార్లు తీసివేసి చూసుకున్నారు. తరవాత కలం కింద పెట్టి అన్న మాట నేను మరిచిపోలేను. "తూర్పున తాకేదే లగ్నం. కాబట్టి మకరం. ఇది శాస్త్రమే. కాని ఇది తూర్పున ఉన్నదని రాస్తున్నానో, దోషం లేదని రాస్తున్నానో నాకే తెలియడం లేదురా."

నేను ఊరుకోలేక, "మరి అక్క జాతకంలో..." అన్నాను.

"దాని లెక్కలో తప్పు లేదు" అన్నారు. కాసేపాగి, "లెక్కలో తప్పు లేదు" అని మళ్ళీ అన్నారు. అమ్మ తలుపు దగ్గర నుంచుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంటున్నది.

చివరికి ఆయన ఏం చేశారో చెబుతాను. చంద్రుడి స్థానానికి ఊరితో పని లేదు. ట్రోమ్సోలో ఉన్నా తెనాలిలో ఉన్నా ఆ క్షణాన చంద్రుడున్న నక్షత్రం ఒక్కటే. మార్గశిర శుద్ధ చతుర్దశి, కృత్తిక మూడో పాదం, వృషభ రాశి. నామాక్షరం ‘ఉ’. ఇవి పెద్ద అక్షరాలతో రాసి, చంద్రలగ్నం నుంచి చక్రం వేశారు. దాని కింద లగ్న చక్రాలు రెండూ వేసి, "లగ్న విషయమై రెండు పక్షములు గలవు. తూర్పు క్షితిజము ననుసరించి మకరము" అని రాశారు. భావఫలాల పేజీ ఖాళీగా వదిలేశారు. నలభై ఏళ్ళలో ఆయన అలా వదిలిన పేజీ అదొక్కటే.

మర్నాడు ఫోను ఆయనే అడిగి తీసుకున్నారు. అవతల అక్క గొంతు వణికింది. "పిల్ల జాతకం ఎలా ఉంది నాన్నగారూ?"

"మీ ఊరికి నా పుస్తకం చాలలేదమ్మా" అన్నారు నాన్నగారు. ఆ వెంటనే, "పథ్యం ఎవరు వండుతున్నారు?" అని అడిగారు.

పున్నమి వెళ్ళాక అక్క ఒక ఫోటో పంపింది. సూర్యుడు లేవని ఆ రోజుల్లోనే పున్నమి చంద్రుడు అక్కడ అస్తమించకుండా చుట్టూ తిరుగుతాడు. సూర్యుడికి ఎదుటనుండేవాడు గనుక, ఎన్నడూ అస్తమించని ఆ భాగంలో చంద్రుడు ఉంటాడన్నమాట. మంచుకొండ మీద చంద్రుణ్ణి నాన్నగారు కళ్ళజోడు పైకెత్తి చాలాసేపు చూశారు.

పిల్లకు ‘ఉ’తోనే పేరు పెట్టారు. తెల్లవారుఝామునకు ఉన్న పేరు. ఇప్పుడు బడికి వెళుతున్నది. వేసవిలో వచ్చినప్పుడు తాతగారి అరుగు ఎక్కి ఆ జాతకం కాగితం తీయించుకుని, "ఇక్కడ ఎందుకు రాయలేదు తాతయ్యా?" అని ఖాళీ పేజీ చూపిస్తుంది. "అది నువ్వు రాసుకోవాలమ్మా" అంటారాయన. పోయినసారి రంగు పెన్సిళ్ళతో అందులో ఒక సూర్యుణ్ణి వేసి వెళ్ళింది.