రేకుల ఇంట్లో ఉంటే కాన్సరు వస్తుందా?

"మా ఇంటి కప్పు సిమెంటు రేకులది. ముప్ఫయి ఏళ్లుగా దాని కిందే కాపురం. వాటివల్ల కాన్సరు వస్తుందంటున్నారు, నిజమేనా డాక్టరు గారూ?" కారంపూడిలో ఈ ప్రశ్న నన్ను చాలామందే అడిగారు. అడిగినవారిలో ఒక రైతు చెప్పిన సంగతి పాఠకులకు ఉపయోగపడుతుంది.

ఆయన కొడుకు అమెరికాలో 1960లలో కట్టిన పాత ఇల్లు కొన్నాడు. సీలింగుకు పేలాలు అతికించినట్టు గరుకు పూత ఉందట. అందులో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, పరీక్ష చేయించేదాకా గోకవద్దు, మేకు కొట్టవద్దు అని అక్కడివారు చెప్పారు. అబ్బాయి బెంబేలు పడి తండ్రికి ఫోను చేశాడు. "వాడు సీలింగులో ఉందేమోనని నిద్ర మానుకున్నాడు. మాకు నెత్తిమీద కప్పంతా అదే గదా, మరి మా సంగతేందండీ?" అన్నాడు పెద్దాయన.

న్యాయమైన ప్రశ్నే. జవాబు కూడా ఆ రెండు ఇళ్ల తేడాలోనే ఉంది.

ఆస్బెస్టాస్‌ను తెలుగులో రాతినార అంటారు. ఎవరు పెట్టారో గాని చక్కని పేరు. గనిలో రాయిలా దొరుకుతుంది, చిదిపితే నారలా పోగులు పోగులుగా విడిపోతుంది. నిప్పుకు కాలదు, నీటికి కుళ్లదు. అందుకే దాన్ని లోకమంతా నెత్తిన పెట్టుకున్నది. చిక్కంతా ఆ పోగుల సన్నదనంలో ఉంది. తలవెంట్రుకలో పదోవంతు కూడా లావుండని పోగులు కంటికి కనపడకుండా గాలిలో గంటల తరబడి తేలుతాయి. శ్వాసతో ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా పోతాయి. అక్కడ కాపలా ఉండే కణాలు వాటిని మింగబోయి మింగలేక చస్తాయి. ఆ చోట ఏళ్ల తరబడి ఒరుపు, ఆపైన మచ్చ. ఎక్కువ దుమ్ము ఎక్కువ కాలం పీల్చినవారికి ఊపిరితిత్తులు గట్టిపడి నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తుంది. దీన్ని ఆస్బెస్టోసిస్ అంటాం. ఊపిరితిత్తుల కాన్సరు మరొకటి. ఊపిరితిత్తులను కప్పి ఉండే పల్చని పొరకు వచ్చే కాన్సరు ఇంకొకటి, పేరు మీసోథీలియోమా. ఇది దుమ్ము పీల్చిన ముప్ఫయి, నలభై ఏళ్లకు బయటపడుతుంది. అంతదాకా మనిషి గుండ్రాయిలా తిరుగుతూనే ఉంటాడు.

ఇప్పుడు ఇళ్ల సంగతి. అమెరికా అబ్బాయి సీలింగు పూత పిచికారీ చేసినది. చేయి తగిలితే పొడిగా రాలుతుంది. కనుకనే ఆ దేశంలో ఇటువంటి పిచికారీలను 1973లో కొన్నిటిని, 1978లో మిగతావాటిని నిషేధించారు. మన రేకులో రాతినార పాలు సుమారు పదోవంతు, అంతకు లోపు. మిగిలినది ముఖ్యంగా సిమెంటు, అది పోగులను గట్టిగా పట్టి ఉంచుతుంది. పగుళ్లు లేని రేకు కింద పడుకున్నంత మాత్రాన పోగులు వర్షంలా కురవవు. ఆ ముప్ఫయి ఏళ్ల కాపురం గురించి పెద్దాయనకు నేను చెప్పిన ధైర్యం ఇదే.

అయితే రేకుల వ్యాపారులు చెప్పినట్టు "తెల్ల రాతినార ఏమీ చేయదు" అనే మాట నేను ఒప్పుకోను. అన్ని రకాల రాతినారా కాన్సరు తెచ్చేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది. ఇంత లోపయితే పూర్తి క్షేమం అని గీత గీసినవారు లేరు. దక్షిణాఫ్రికా గనుల ప్రాంతంలో 1960లో వైద్యులు వెల్లడించిన మీసోథీలియోమా రోగుల్లో గనిలో దిగనివారు, చిన్నతనంలో ఆ చుట్టుపక్కల పెరిగినవారు ఉన్నారు. 1965లో లండనులో పరిశీలిస్తే, కర్మాగారంలో పనిచేసే భర్త బట్టలు ఉతికిన ఇల్లాళ్లకూ వచ్చిందని తెలిసింది. పాపం, వారు చేసిన పని బట్టలు దులిపి నానబెట్టడమే.

మనకూ ఇది దూరపు కథ కాదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో రాతినార గనులుండేవి. 1986 నుంచి కొత్త లీజులు ఇవ్వడం, 1993 నుంచి పాతవాటిని పొడిగించడం కేంద్రం ఆపింది. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఈ పరిశ్రమల కార్మికుల ఆరోగ్య రికార్డులను పనిలో చేరిన నాటి నుంచి నలభై ఏళ్లు, లేదా పని మానిన తరువాత పదిహేనేళ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలని తీర్పు ఇచ్చింది. జబ్బు ఎంత నిదానంగా వస్తుందో న్యాయమూర్తులకు తెలుసు. ఇక రేకుల తయారీ మన దేశంలో ఆగలేదు, రాతినార పరదేశాల నుంచి దిగుమతి అవుతున్నది. గనిని మూసి కర్మాగారాన్ని ఉంచడం ఏం తర్కమో నాకైతే బోధపడదు.

కిందటేడు కార్తీకానికి ముందు ఒక యువ దంపతులు వచ్చారు. ఆమెకు ఆరో నెల. భర్త ఫోనులో ఏదో చదివి, తాతల నాటి రేకుల కప్పును వెంటనే పగలగొట్టించి డాబా వేయించాలని పట్టు పట్టాడు. వీరుల తిరునాళ్లకు చుట్టాలొచ్చేలోగా పని ముగియాలట. మేస్త్రీ సుత్తితో కొట్టి ఒక్క పూటలో కింద పోస్తానన్నాడు. భార్య అదే ఇంటి వసారాలో వంట చేస్తూ ఉంటుంది. ఏ భయంతో కప్పు తీయాలనుకున్నాడో, ఆ దుమ్మును ఒక్క పూటలో ఇంటినిండా నింపే ఏర్పాటు అది! ఆగమన్నాను. కానుపు అయ్యేదాకా ఆ రేకులు అక్కడే ఉన్నాయి. ఆమె బిడ్డతో పుట్టింట ఉండగా తడిపి, నట్లు విప్పి, రేకుకు రేకు దింపించారు.

దింపడంలో మెళకువ అంతే. ముందు రేకులను నీళ్లతో బాగా తడపాలి. సుత్తి, రంపం, మిషను కట్టరు పనికిరావు. తుప్పుపట్టి కదలని హుక్కు ఉంటే హుక్కునే కోయాలి, రేకును కాదు. పైనుంచి విసరకుండా చేతులతో అందుకోవాలి. పిల్లలు, గర్భిణులు ఆ చుట్టుపక్కల ఉండరాదు. పనివారు మొహానికి తువ్వాలు చుట్టుకుంటారు. దానివల్ల చెమట ఆగుతుందేమో గాని పోగులు ఆగవు. మందుల షాపులో దొరికే ఎన్-95 మాస్కు బిగుతుగా పెట్టుకుంటే కొంత నయం, పరిశ్రమల్లో వాడే మాస్కు ఇంకా మేలు. పని ముగిశాక పొడి చీపురు పట్టవద్దు, తడిగుడ్డతో తుడవండి. ఆ బట్టలు దులపకుండా విడిగా నీళ్లలో ముంచండి.

పగిలిన ముక్కలతో మనవాళ్లు బాటలో గుంతలు పూడుస్తారు. ట్రాక్టరు చక్రం కింద అది పిండి అవుతుంది, ఎండాకాలపు గాలి దాన్ని వీధంతా పంచుతుంది. చట్టం దీన్ని ప్రమాదకర వ్యర్థమంటుంది. ఊరి చెత్తలో, నాగులేటి వాగులో పడవేయవద్దు. పంచాయతీవారిని అడిగి పారవేసే దారి దొరికేదాకా తడిపి, మందమైన పట్టాలో చుట్టి, ఎవరూ తొక్కని చోట ఉంచండి.

రేకులు తీయలేనివారు దిగులు పడనక్కరలేదు. కోతులు దూకి పగిలిన రేకును తడిపి మార్చండి. పాచిని ఇనుప బ్రష్షుతో గీకవద్దు. లోపలివైపు రంగు వేస్తే పై పొర రాలకుండా ఉంటుంది, అదీ గీకకుండా వేయాలి. ఇనుప రేకుల్లో రాతినార ఉండదు. ఈమధ్య రాతినార లేని సిమెంటు రేకులూ వస్తున్నాయి, కంటితో చూసి తేడా చెప్పలేం. పాతదైతే ఉన్నట్టే అనుకోండి. రేకు మీద కాలు మాత్రం పెట్టవద్దు సుమా. రేకుల వల్ల కాన్సరు వచ్చిన మనిషిని మా ఊళ్లో నేను చూడలేదు గాని, రేకు విరిగి కిందపడి నడుము విరగ్గొట్టుకున్నవారిని చూశాను. రెంటచింతల ఎండలు ఎరిగిన పల్నాడువారికి రేకుల కింద వడదెబ్బ గురించి వేరే చెప్పనక్కరలేదు. సున్నం కొట్టుకోండి, చల్లబడుతుంది.

"నాకూ ఒక ఎక్స్‌రే రాయండి" అనేవారున్నారు. ఎక్స్‌రేలో రాతినార పోగులు కనపడవు. రేకుల ఇంట్లో ఉన్న ఒక్క కారణానికి ఎక్స్‌రే, స్కానింగు దండగ. రెండు వారాలు దాటిన దగ్గుంటే నింద రేకుల మీద వేయకుండా ముందు కళ్లె పరీక్ష చేయించండి. మన దగ్గర క్షయ ఇంకా పోలేదు. బీడీ, చుట్ట తాగేవారికి మరో లెక్క. అమెరికాలో 1979లో వెలువడిన పరిశీలనలో, రాతినార పనివారు పొగ తాగనివారైతే ఊపిరితిత్తుల కాన్సరు చావులు మామూలు కంటే ఐదు రెట్లు, పొగ కూడా తాగితే యాభై రెట్లకు పైన.

రేకులు కోసే, బిగించే మేస్త్రీలకు ఒక మాట. ఆయాసంతో ఏ ఆసుపత్రికి వెళ్లినా "కూలిపని" అని ఊరుకోకండి. ఏ పని, ఎన్నేళ్లు చేశారో చెప్పి ఓ.పి. చీటీ మీద రాయించుకోండి, ఆ చీటీ పారేయకండి.