ఓడలో మసాజ్

బ్రూక్‌ఫీల్డ్‌లో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఇప్పుడు ఒకటే గోల: చెన్నై వెళ్లి క్రూజ్ ఎక్కాలట. "స్పా కూడా టికెట్‌లోనే కదా?" అని పక్క ఫ్లాట్ వదిన అడిగింది.

కాదు వదినా. గది, భోజనం, ఈతకొలను లాంటివే టికెట్‌లో. మసాజ్‌కి బిల్లు వేరు. చాలా పెద్ద ఓడల్లో స్పా నడిపేది ఓడ కంపెనీ కూడా కాదు, వన్‌స్పావరల్డ్ లాంటి కాంట్రాక్టు సంస్థ. మసాజ్ అయ్యాక నూనెలు, క్రీములు చూపించి కొనమంటారు. మొహమాటపడొద్దు, వద్దనేయండి. విదేశీ ఓడల్లో చాలావరకు టిప్పు బిల్లులోనే కలిపేస్తారు, మళ్లీ ఇవ్వక్కర్లేదు.

అసలు కిటుకు రోజు ఎంచుకోవడంలో ఉంది. నడిసముద్రంలో ఉన్న రోజు అందరికీ స్పానే గుర్తొస్తుంది, స్లాట్లు ముందే అయిపోతాయి. ఓడ రేవులో ఆగిన రోజు జనమంతా ఊరు చూడ్డానికి దిగిపోతారు. స్పా ఖాళీ, రేటూ తగ్గిస్తారు.

2022లో విశాఖకి వచ్చిన కార్డీలియా ఎంప్రెస్‌లాంటి ఓడల్లో చాలా ప్రయాణాలు రెండు మూడు రాత్రులే. అందులో గంటసేపు కిటికీ లేని గదిలో పడుకోవడం నా లెక్కలో దండగే. మసాజ్ మన పక్కనే కుందలహళ్లిలోనూ దొరుకుతుంది.

అయినా చేయించుకుంటామంటారా? ఎక్కిన రోజే స్పా డెస్కుకి వెళ్లి రేవు రోజు రేటెంతో అడగండి.